ముందుగా రావద్దు

"ఇంకో ఇద్దరు నర్సుల్ని వేస్తే తీరిపోయేదానికి ఈ గీతలూ సున్నాలూ ఎందుకు, కెప్టెన్?" అంటూ కల్నల్ బర్డెట్ కాగితాన్ని బల్ల మీదికి గిరాటేశాడు.

"క్యూ పెరిగేది నర్సులు చాలక కాదు సర్. అందరూ ఒక్కసారే వచ్చి పడుతున్నారు," అంది విల్మా ట్రాస్కర్.

సైన్యం చిక్కుల్ని లెక్కలతో విప్పే ఆపరేషన్స్ రీసెర్చ్ ఆమె విద్య. ఓక్లహోమాలోని ఆ క్యాంపులో ఫ్లూ సూది కోసం జవాన్లు చీకటితోనే ఆస్పత్రి ముందు బారులు తీరడం చూసి ఆమెకి ఒళ్లు మండిపోయింది.

"డాక్టరు ఎనిమిదింటికి రమ్మన్నాడు. మీరు మేజర్‌తో పావుగంట ముందన్నారు. మేజర్ కెప్టెన్లతో మరో పావుగంట ముందన్నాడు. కెప్టెన్లు సార్జెంట్లతో ఇంకో పావుగంట! అలా దిగీ దిగీ జవాను దగ్గరికొచ్చేసరికి కోడి కూడా లేవని వేళవుతోంది సర్!"

"ముందు రావడం మన మర్యాద. అంతెందుకు, నేను పుట్టడమే నెల ముందు పుట్టాను," అన్నాడు కల్నల్ గర్వంగా.

"ఒక్కో జవానుకీ ఒక్కో టైమిద్దాం. సూదికి పట్టే సమయం చూసి లెక్క కట్టాను. ఎవడి టైముకి వాడొస్తే అసలు క్యూ అన్నదే ఉండదు."

"ఉండకపోతే?"

"నాకు సెలవివ్వండి. మా చెల్లెలి పెళ్లి. దాని మొదటి రెండు పెళ్లిళ్లకీ మీరు పంపలేదు. మూడోదానికీ వెళ్లకపోతే అది నా మొహం చూడదు."

"క్యూ కనపడిందా, శీతాకాలమంతా అలాస్కాలో మంచు కొలుస్తూ కూచుంటావు!"

ఆ సాయంత్రమే కల్నల్ సంతకంతో ఆర్డరు వెళ్లింది. తన టైముకంటే ముందు ఎవడైనా ఆస్పత్రి దగ్గర కనపడితే తోలు ఒలిచేస్తానని దాని సారాంశం.

సూదుల రోజు విల్మా గుండె చిక్కబట్టుకుని ఆస్పత్రికొచ్చింది. గుమ్మం ముందు నరపురుగు లేదు. నర్సు తీరిగ్గా ఊలు అల్లుకుంటోంది. ఎనిమిది కొట్టగానే ఒక జవాను పరుగున వచ్చి చొక్కా చెయ్యి పైకి లాగాడు. వాడు జబ్బ రుద్దుకుంటూ అటు పోయాడో లేదో, రెండోవాడు ఇటు వచ్చాడు. తర్వాత మూడోవాడు. విల్మాకి ఆనందంతో కళ్లు చెమర్చాయి. కాగితం మీది లెక్క బూట్లేసుకుని నడిచొస్తుంటే ఎవరికి మాత్రం చెమర్చవు?

అంతలో కల్నల్ ఆవలిస్తూ వచ్చాడు. బూట్లు మంచుకి తడిసున్నాయి. ప్యాంటుకి గడ్డిపరకలు అంటుకున్నాయి.

"రాత్రి నిద్ర పట్టలేదా సర్?"

"అంతా నీ లెక్క పుణ్యమే," అని విసుక్కుంటూనే గుమ్మం వంక చూశాడు. "ఏమాటకామాటే చెప్పుకోవాలి. క్యూ లేదు. వెళ్లు, మూడో పెళ్లికి నా తరఫున కూడా కేకు తిను."

సెలవు కాగితం జేబులో పెట్టుకుని, కారు కోసం విల్మా ఆస్పత్రి వెనక్కి తిరిగింది. తిరిగి అక్కడే కొయ్యబారిపోయింది.

చాకిరేవు షెడ్డు చాటున పటాలం పటాలమంతా గడ్డిలో బారుగా కూచుని ఉంది. కొందరు ఒకళ్ల భుజం మీద ఒకళ్లు తలవాల్చి గుర్రుపెడుతున్నారు. సార్జెంట్ పికెన్స్ గడియారం చూస్తూ ఒక్కొక్కణ్ణీ వీపు తట్టి లేపి ఆస్పత్రికి తోలుతున్నాడు.

"ఏమిటిది, పికెన్స్!"

"ఆస్పత్రి దగ్గర ముందుగా కనపడొద్దన్నారు కదా మేడమ్. ఒక్కడైనా కనపడ్డాడా?"

"ఎప్పుడొచ్చారు మీరంతా?"

"మామూలు కంటే కాస్త ముందే. కొత్త పద్ధతి కదా, ఎక్కడైనా పొరపాటు జరిగితే మీకు మాటొస్తుందని."

విల్మాకి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. జేబులోని కాగితాన్ని గట్టిగా అదిమి పట్టుకుంది.

"నీ కాళ్లు పట్టుకుంటాను పికెన్స్. ఇది కల్నల్ చెవిన పడిందంటే నా సెలవు గోవిందా. చెప్పకు!"

పికెన్స్ బారు మొదట్లో ఖాళీగా ఉన్న మడతకుర్చీ వంక, దాని మీది దుప్పటి వంక చూశాడు.

"ఆయనకి చెప్పేదేముంది మేడమ్? ఎవడూ ముందుగా రాకుండా కాపలా కాస్తానని, మా అందరికంటే ముందొచ్చి కూచున్నది ఆయనే!"