తిన్నని గీత

మిషన్ మళ్ళీ అదే గీత గీసింది.

భార్గవి ఆ కాగితాన్ని చూసి, పాత కాగితాల మీద పడేసింది. అదే చోట అదే శిఖరం.

ఖమ్మంలో మిర్చి ఎగుమతిదారులు కలిసి పెట్టుకున్న చిన్న ల్యాబు అది. ఆమె అందులో కెమిస్టు. మిర్చి సారాన్ని ఆవిరి చేసి, వెంట్రుకంత సన్నని గొట్టంలోంచి పంపితే, అందులోని ఒక్కో పదార్థం ఒక్కో సమయానికి బయటపడి కాగితం మీద ఒక్కో శిఖరమై నిలుస్తుంది. పురుగుమందు ఉంటే దాని చోట అది లేస్తుంది.

చిక్కల్లా ఒకటే. మిర్చి సొంత నూనె వల్ల కూడా అక్కడే గీత కొంత లేస్తుంది. ఏది మిర్చిదో, ఏది మందుదో తేల్చాలంటే, అసలు మందే తగలని మిర్చి ముందుగా కావాలి. దాన్ని బ్లాంక్ అంటారు.

లేదని చెప్పడానికి కూడా, నిజంగా లేనిది ఒకటి చేతిలో ఉండాలి.

అది దొరకక, ల్యాబు తనిఖీకి రాబోయేవాళ్ళ ముందు పెట్టడానికి ఒక్క ఫలితమూ నిలవడం లేదు. మందు కొట్టలేదని పిల్లల మీద ఒట్టేసి ఇచ్చిన రైతుల మిర్చిలోనూ మందే బయటపడింది. మిర్చి కన్నా ఆ ఒట్లే భార్గవిని ఎక్కువ విసిగించాయి.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో హాతీరాం నిలబడ్డాడు. టేకులపల్లి అవతలి తండా నుంచి బస్సెక్కి వచ్చే ముసలి రైతు. భుజాన అదే సంచి.

"ఏంది పెద్దాయనా, మళ్ళొచ్చినవా?"

"అవ్ బిడ్డా. గీ పోయినేటి మిర్చి ఒక్కపారి మిషన్ల పెట్టి చూడు. మందు లేదని కాగితమియ్యి."

అతని కథ ఆమెకు పోయినసారే తెలిసింది. ముందటేడు మందు కొడుతూ అతని భార్య జమ్లి చేలోనే పడిపోయింది. బతికింది గాని, ఆ వాసన తగిలితే ఇప్పటికీ ఊపిరాడదు. అప్పటి నుంచి అడవిలోకి చొచ్చుకుపోయిన తమ చెలకకు అతను మందు రానివ్వలేదు. ఈసారి పైరుకు ఆకుముడత తెగులు తగిలింది. మందు తెస్తానని కొడుకు బలరాం పట్టుబట్టాడు. కాగితం ఉంటే పంట విడిగా కొంటానని ఒక వ్యాపారి అన్నాడు కాబట్టి, కాగితం వస్తే కొడుకు ఆగుతాడు. రాకపోతే ఆగడు.

"వీళ్ళకు పరీక్ష ఎందుకమ్మా, కాగితమే గావాలె," అన్నాడు ఇన్‌ఛార్జి సారంగపాణి, తల ఎత్తకుండానే.

భార్గవికి అదే నిజమనిపించింది.

"అందరు కొట్టంగ నువ్వొక్కనివి కొట్టలేదంటె ఎవరు నమ్ముతరు పెద్దాయనా? నువ్వు గూడ కొట్టుకో. మమ్మల్ని సతాయించకు."

హాతీరాం కోపం తెచ్చుకోలేదు.

"తీరినప్పుడు చూడు బిడ్డా," అని సంచిని బల్ల మీద ఉంచి వెళ్ళిపోయాడు.

బల్ల మీద చోటు లేదు. ఆ సంచిని తీసుకుపొమ్మని ఊడ్చే సారక్కకు చెప్పింది భార్గవి.

తర్వాత కొన్ని వారాల పాటు మార్కెట్ యార్డు మిర్చి చూశారు, దుకాణాల మిర్చి చూశారు. చివరికి ఎవరింటి కారం వాళ్ళే డబ్బాల్లో తెచ్చి మిషన్‌లో పెట్టారు.

"బ్లాంక్ దొరకలే గని, ఇన్నేండ్లు ఏం తింటున్నమో ఎరికైంది," అన్నాడు సారంగపాణి.



అందరిదీ అయ్యాక, మిగిలింది సారక్క డబ్బా. ఆశతో కాదు, వరుస పూర్తి చేయాలి కాబట్టి భార్గవి దాన్నీ పెట్టింది.

గీత మొదలై, మందు లేవాల్సిన చోటికి వచ్చి, మిర్చి సొంత నూనె లేపిన చిన్న మిట్ట దాటి, తిన్నగా సాగిపోయింది.

మిషన్ చెడిందనుకుంది. మళ్ళీ పెట్టింది. మాస్ స్పెక్ట్రోమీటర్‌లో పెట్టి, అణువులను ముక్కలు చేసి తూచి చూసింది. మందు ముక్క ఒక్కటీ లేదు.

"గీ కారం ఎక్కడిది సారక్కా?"

"మీరిచ్చిందే గద మేడం. గా తండా తాత సంచిది, దంచిన. మంచిగుందని సారు గూడ రోజు అన్నంల ఏస్కున్నడు."

"ఇంకెంతుంది?"

"డబ్బ అడుగున ఉన్నదే మీకిచ్చిన."

మర్నాడు భార్గవి సంతకం, ముద్ర ఉన్న కాగితంతో టేకులపల్లిలో బస్సు దిగింది. తండా దాటి అడవి బాట పట్టింది. చెలక కనబడక ముందే వాసన ఎదురొచ్చింది.

ముఖానికి తువ్వాలు చుట్టుకుని, వీపున పంపుతో హాతీరాం సాలు వెంట నడుస్తున్నాడు. ఆమెను చూసి ఆగాడు.

"కొడుకుతోని కొట్టియ్య బుద్ధి గాలే. నేనే కొడుతున్న," అన్నాడు తువ్వాలు దించి.

జమ్లి ఏదని అడిగింది భార్గవి.

"వాసన పడదు గద. జూలూరుపాడు పంపిన, చెల్లె ఇంటికి."

"నీ మిర్చిల మందు లేదు పెద్దాయనా," అంది.

"గది నాకెరికే బిడ్డా. నీకు గూడ ఎరిక గావాలనే తెచ్చిన."

ఆమె కాగితం చాచింది. అది చూపితే ఈ పంట కూడా ఆ వ్యాపారి మారు మాట్లాడకుండా కొంటాడు.

"గది పోయినేటి మిర్చిది. ఇగ చూపిస్తె అబద్ధమైతది," అని, మందుతో తడిసిన తన చేతులు ఆ కాగితానికి తగలకుండా వెనక్కి పెట్టుకున్నాడు హాతీరాం.