ఖాళీ షోరూమ్

“యే పాంచ్ గాడీ ఖల్లీ! సమ్‌ఝా?”

షోరూమ్ గుమ్మంలో నిలబడి, చేతికర్రతో ఐదు కార్లనూ ఒక్కొక్కటే చూపించాడు అర్బాబ్. ఆ అరబ్బు దేశంలో యజమానిని అలాగే పిలుస్తారు. బయట టాక్సీ ఆగి ఉంది. నెల రోజుల పని మీద బొంబాయి వెళుతున్నాడాయన.

“సమ్‌ఝా అర్బాబ్,” అని తల ఊపాడు మనోహరం.

అర్బాబ్ హిందీ అంతే. సగం అరబ్బీ కలుస్తుంది. దీర్ఘాలు ఒకచోట ఉంటాయి, ఒకచోట ఉండవు. వచ్చిన ఆరు నెలల్లో మనోహరం సర్దుకుని అర్థం చేసుకోవడం నేర్చుకున్నాడు. ఐదు బళ్ళనూ ఖాళీ చెయ్యాలి. ఆ మాట సబబుగానే తోచింది కూడా. అవి ఇంగ్లండు బళ్ళు, పోయినేటి మోడల్. కొత్త మోడల్ బొమ్మ గోడ మీదికి వచ్చిందిగానీ బండి రాలేదు. అక్కడ ఫ్యాక్టరీలో సమ్మె. ఇక్కడ మత్రా రేవు బయట ఓడలు వారాల తరబడి వరసకట్టి నిలబడ్డాయి. ఈలోగా ఎదుటి షోరూమ్‌లో చల్లగాలి విసిరే జపాన్ బండి దిగింది. జనమంతా రోడ్డుకు ఆ పక్కే.

సాయంత్రం వాడి కబీర్‌లోని ఒంటిగదిలో భార్య సామ్రాజ్యానికి చెప్పాడు. ఆమె ఆసుపత్రిలో నర్సు. పెళ్ళయిన పన్నెండో రోజున విమానం ఎక్కింది. తర్వాత మూడేళ్ళు వాళ్ళ కాపురమంతా ఉత్తరాల్లోనే నడిచింది. ఈ ఉద్యోగం దొరికాకే మనోహరం రాగలిగాడు.

“అర్బాబ్ వచ్చేసరికి ఐదూ అమ్మేసి షోరూమ్ ఖాళీ చెయ్యాలట.”

“చెయ్యలేకపోతేనో?”

“నా ముందున్నవాణ్ణి అమ్మకాల్లేవనే కదా ఊరికి పంపేశారు.”

సామ్రాజ్యం తినిపించడానికి ఎత్తిన ముద్దను కంచంలోనే వదిలేసింది. “అమ్మండి. ఎలాగోలా అమ్మండి. మళ్ళీ ఉత్తరాలు రాయడం నావల్ల కాదు.”

మనోహరం నడుం కట్టాడు. కొడుకు పెళ్ళికి బండి కావాలని షినాస్ నుంచి ఎండుచేపల వ్యాపారి షరీఫ్ వచ్చాడు. చూపంతా రోడ్డవతలే ఉంది.

“ఆ జపాన్ దాంట్లో చల్లగాలి వస్తుందటగా?”

“వస్తుంది భాయ్. చల్లగాలి కోసం అద్దాలెత్తుకున్నాక మీ సరుకు వాసన ఎటు పోతుంది? వారం తిరక్కుండా మీ ఆవిడే బండెక్కనంటుంది.”

షరీఫ్ మీసాల్లో నవ్వుకున్నాడు. “కొత్త మోడల్ వస్తోందంటున్నారు. అదొచ్చాక కొంటాలే.”

“అది సముద్రంలో ఉంది. దాని కోసం కూర్చుంటే మీవాడు పెళ్ళికి ఒంటె మీద వెళ్ళాల్సిందే.”

“నీది మాటలమ్ముకునే నోరయ్యా!” అంటూ షరీఫ్ తాళం చెవి అందుకున్నాడు.

రెండోది ఆసుపత్రి డాక్టరుకి. మూడోదీ నాలుగోదీ ఇద్దరు అన్నదమ్ములకు, ఒకరి మీద ఒకరికి పంతం రేపి. ఐదోది మాత్రం మొరాయించింది. అర్బాబ్ రావడానికి రెండు రోజుల ముందు, సీబ్ నుంచి వచ్చిన ఒక ఆసామికి ధర తగ్గించి మరీ అంటగట్టాడు. ఆ రాత్రి సామ్రాజ్యం సేమ్యా పాయసం చేసింది. ఇద్దరూ మోకరించి ప్రభువుకు కృతజ్ఞతలు చెప్పుకున్నారు.

అర్బాబ్ వచ్చాడు. అద్దంలా తుడిచిన ఖాళీ నేలను చూశాడు. చేతికర్ర జారి కిందపడింది.

“వేన్? వేన్ సయ్యారా? గాడీ కిదర్?”

“సబ్ బేచ్ దియా అర్బాబ్!” అన్నాడు మనోహరం, ముఖం వెలిగిపోతుండగా.

ఆ తర్వాత అరుపులు వీధి చివరి దాకా వినిపించాయి. అంతా అరబ్బీ. ఐదోదాని ధర తగ్గించినందుకే ఈ కోపమని మనోహరానికి అర్థమైంది. చాలాసేపటికి అర్బాబ్ కుర్చీలో కూలబడి మంచినీళ్ళు తాగాడు. మనోహరం కూర్చునే బల్ల వైపు, అతని వైపు అలసటగా చూశాడు. చెయ్యి విదిలిస్తూ, “ఖల్లీ... ఖల్లీ,” అని లేచి వెళ్ళిపోయాడు. ఆ అరుపులన్నీ ఒక ఎత్తు, మెత్తగా అన్న ఆ ఒక్క మాటా ఒక ఎత్తు.

మనోహరం బల్ల ఖాళీ చేశాడు. అరుపులు విన్న షోరూమ్ గుమస్తా, అతన్ని తీసేశారనే అనుకుని, ఊరికి పంపే కాగితాలు మొదలుపెట్టాడు. సాయంత్రం అర్బాబ్ మళ్ళీ పని మీద సలాలా వెళ్ళాడు. నాలుగు రోజుల్లో పాస్‌పోర్టూ టికెట్టూ చేతికొచ్చాయి.

“అర్బాబ్ సలాలా నుంచి రాగానే నేనోసారి వెళ్ళి అడగనా?” అంది సామ్రాజ్యం. “మా హలీమా సిస్టర్‌ను తోడు తీసుకెళ్తా. అరబ్బీలో ఆమే చెబుతుంది.”

“వద్దు. ఖాళీ చెయ్యమన్న చోట భార్యను పంపి బతిమాలించుకుంటానా?”

సామ్రాజ్యం పెట్టె దించింది. ఒక్కో చొక్కా మడిచి, మడత మీద అరచేత్తో రాసి, పెట్టెలో పెట్టింది. సీబ్ విమానాశ్రయం గేటు దగ్గర, “చేరగానే రాయండి,” అని మాత్రం అంది. అది ఆ మూడేళ్ళూ ఉత్తరాల్లో రాసీ రాసీ అరిగిన మాట.

పాస్‌పోర్టు మీద ముద్ర పడింది. ఇక ఒక్క తనిఖీ మిగిలింది. ఆఫీసరు పెట్టె మూత ఎత్తి, పైనున్న బైబిలును చూసి, మర్యాదగా, “ఖల్లీ, ఖల్లీ,” అన్నాడు.

మనోహరం సామ్రాజ్యం పెట్టిన చొక్కాలను ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టసాగాడు. ఆఫీసరు వింతగా చూశాడు. వెనక వరసలో ఉన్న లచ్చన్నకు నవ్వాగలేదు. రూవీ సైట్‌లో రెండేళ్ళు ఇటుకలు మోసి, సెలవు మీద జగిత్యాల పోతున్నాడతను.

“ఏం సారూ, సదువుకున్నోని లెక్కున్నవ్. బట్టలన్ని గట్ల కుప్పబోస్తున్నవేంది?”

“ఖాళీ చెయ్యమంటున్నాడు కదయ్యా.”

“ఖాళీ కాదు సారూ, ఖల్లీ అంటుండు.”

“రెండూ ఒకటే కదా?”

లచ్చన్న చొక్కాలన్నీ తిరిగి పెట్టెలో పెట్టి, మూత వేశాడు.

“ఖల్లీ అంటే ఉండనియ్యి అని, సారూ.”