అద్దెకున్నాయన మంచివారే

"అద్దెకున్నవాళ్లు ఖాళీ చేస్తే?" అన్నాడు బ్యాంకు మేనేజరు.

నెల రోజులుగా టైలరమ్మకు నిద్ర లేకుండా చేస్తున్న ప్రశ్న అదే.

రెండు గదులు, ఓ వంటగది ఉన్న చిన్న ఇల్లు. అద్దెకున్నవాళ్లతో సహా అమ్మకానికి వచ్చింది. పదకొండేళ్లు స్కూలు యూనిఫారాలు కుట్టి కూడబెట్టినదంతా మొదటి విడతకే సరిపోతుంది. మిగతాది బ్యాంకు ఇవ్వాలి. బ్యాంకు వాయిదా కట్టాలంటే అద్దె రావాలి. అద్దె రావాలంటే అద్దెకున్నాయన కదలకూడదు. ఆయన కదిలాడంటే ఆమె కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే.

"ఖాళీ చెయ్యరండీ," అంది. "తొమ్మిదేళ్లుగా అక్కడే ఉన్నారు. ప్రతి నెలా ఒకటో తారీకు పొద్దున్నే బ్రోకరు చేతిలో అద్దె పెడతారు. ఒక్క రోజు కూడా అటూ ఇటూ కాలేదు."

"మనిషి ఎలాంటివాడు?"

టైలరమ్మ అబద్ధం ఆడే మనిషి కాదు.

"మంచివారేనండీ. కాకపోతే గోడలకు మేకులు కొడతారు. కుళాయి కారితే ఓనర్ని తిడతారు గానీ వాషరు మార్చరు."

"వాడికి నోరెక్కువ, పని తక్కువ," అంది పక్క కుర్చీలోంచి టీచరమ్మ. రిటైరై పదేళ్లయిన మనిషి. తన పింఛను చూపించి హామీ సంతకం పెట్టడానికి వచ్చింది. "అప్పు చేసి ఇల్లు కొనేవాడు వెర్రివాడు, అద్దెకుండేవాడు తెలివైనవాడు అని వీధి వీధంతా పాఠం చెబుతుంటాడు. అలాంటివాడు అద్దె ఎగ్గొట్టడు బాబూ. పరువు పోదూ?"

"ఇంట్లో ఎంతమంది?"

"మొగుడూ పెళ్లాలు, ఓ ముసలావిడ," అంది టైలరమ్మ. "ఆ పెళ్లాం వల్ల మనకు ఏ ఇబ్బందీ రాదండీ."

"ముసలావిడ కూడా మంచిదే," అంది టీచరమ్మ గంభీరంగా.

మేనేజరు రాసుకున్నాడు. "మరి ఇల్లు కొనేది మీరేనని ఆయనకు చెప్పారా?"

"అమ్మో! చెప్పకూడదండీ. నేనని తెలిసిందంటే వచ్చే నెల నుంచి పైసా రాలదు. బ్రోకరే ఎప్పట్లాగా వసూలు చేసి నాకు తెచ్చిస్తాడు."

"ఆడమనిషి అంటే అంత లోకువా?"

"అలాంటిదే అనుకోండి."

మేనేజరు ఆమె వైపు జాలిగా చూశాడు. ఇంటికి విలువ కట్టడానికి ఇంజనీరును పంపిస్తానన్నాడు.

ఇంజనీరు మంగళవారం పదకొండు గంటలకు వచ్చాడు. అద్దెకున్నాయన ఆఫీసులో ఉండే వేళ. టైలరమ్మే తాళం తీసింది.

ఇంజనీరు టేపు లాగి, "వంటగది ఎనిమిది అడుగులు," అన్నాడు.

"ఏడడుగుల పదకొండంగుళాలు," అంది టైలరమ్మ.

మళ్లీ కొలిచాడు. ఏడడుగుల పదకొండంగుళాలే. కుట్టుపని చేసేవాళ్ల కన్ను కదా అని సరిపెట్టుకుని కుళాయి తిప్పాడు. నీళ్లు రాలేదు.

"ఎడమకు తిప్పి, నెత్తిన ఒక్కటి వెయ్యండి."

వేశాడు. వచ్చాయి.

"మొదటిసారి ఇల్లు కొనేవాళ్లు గోడల రంగు చూసి మురిసిపోతారమ్మా," అన్నాడు చేతులు తుడుచుకుంటూ. "ఇంత శ్రద్ధగా చూసుకున్నవాళ్లను నా సర్వీసులో చూడలేదు."

"పిరికి ప్రాణమండీ. ఒకటికి పదిసార్లు చూసుకున్నాను."

లోను మంజూరైంది. రిజిస్ట్రేషను కూడా అయిపోయింది. కాగితంలో ఓనరు అన్న చోట తన పేరు చూసుకుని టైలరమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆమె జీవితంలో అంత ఖరీదైన కాగితం మీద ఆమె పేరు ఎప్పుడూ లేదు.

ఆ సంతోషం వారం కూడా నిలవలేదు. వాయిదాకూ అద్దెకూ మధ్య జానెడు తేడా ఉంది. ఆ తేడా పూడ్చాలంటే అద్దె పెంచక తప్పదు. అద్దెకున్నాయన ఆఫీసుకు వెళ్లి ఆ మాట చెప్పిరమ్మని బ్రోకరును పంపింది.

మధ్యాహ్నం బ్రోకరు ఫోను చేశాడు.

"అక్కా, మనవాడు అగ్గి మీద గుగ్గిలం అయ్యాడు. ఆ కొత్త ఓనరు మనిషా, జలగా అన్నాడు. నెలాఖరుకల్లా ఖాళీ చేస్తాడట."

టైలరమ్మ కాలు మిషను తొక్కడం మానేసింది. ఇల్లు ఖాళీగా ఉంటే రెండు వాయిదాలు కట్టగలదు. మూడోది కట్టలేదు. గుడికెళ్లిన టీచరమ్మకు వెంటనే ఫోను చేసి గోడు వెళ్లబోసుకుంది.

టీచరమ్మ అంతా విని, క్లాసులో లెక్క చెప్పినట్టు నింపాదిగా చెప్పింది.

"ఏడవకు. ఖాళీ చెయ్యాలంటే ముందు వేరే ఇల్లు వెతకాలి. తర్వాత సామాను సర్దాలి. వాడు పుట్టి బుద్ధెరిగాక ఈ చెంబు తీసి ఆ పక్కన పెట్టిన పాపాన పోయాడా?"

"లేదు."

"మరి? సర్దేవాళ్లు సర్దకపోతే ఎక్కడికి పోతాడు?"

టైలరమ్మ మిషను మళ్లీ కదిలింది.

ఆ సాయంత్రం అద్దెకున్నాయన మొహం కందగడ్డ చేసుకుని వచ్చి, చెప్పులైనా విడవకుండా "సామాను సర్దవే, ఈ కొంప ఖాళీ చేద్దాం!" అని కేకేస్తే, "ముందు కాళ్లు కడుక్కోరా నాన్నా," అంటూ కొడుకు చేతిలోని సంచి అందుకుంది టీచరమ్మ, "వచ్చే ఏడాది దాకా నాకు తీరిక లేదండీ," అంది మిషను మీంచి తలెత్తకుండా అతని పెళ్లాం, టైలరమ్మ.