రోలు బేసిన్

"బిడ్డా, జర మీ బాత్రూం సూడొచ్చా?"

గేటు దగ్గర నిలబడి ఒక ముసలామె అడిగింది. చంకలో లావుపాటి తాడు చుట్ట ఉంది.

వనితకు నవ్వూ వచ్చింది, గర్వమూ కలిగింది. ఇల్లు చూడటానికి వచ్చేవాళ్ళుంటారు గానీ బాత్రూం చూడటానికి వచ్చేవాళ్ళుంటారా! ఉంటారు. సూర్యాపేటలో ఆ వాడకట్టు ఆడవాళ్ళంతా వారం రోజులుగా వస్తూనే ఉన్నారు మరి.

"రా అవ్వా, రా. నీకెవలు జెప్పిండ్రు?"

"ఆటో పిలగాడు జెప్పిండు."

కొత్త టైల్స్ అంటే మాటలా? ఆ ఖర్చు వినగానే వనిత భర్త సతీష్ చేతులెత్తేశాడు. దాంతో వనిత ఫోన్లో వీడియోలు చూసీ చూసీ, పల్లెటూరి తీరు బాత్రూం చేసి తీరాలని పట్టుబట్టింది. పాచి పట్టిన గోడలకు ఎర్రమన్ను రంగు కొట్టి, తెల్లటి ముగ్గులు తానే వేసింది. వెదురు బద్దలతో ఒక అర కట్టింది. పాత లాంతరులో బల్బు పెట్టింది. ప్లాస్టిక్ బకెట్‌ను బయటికి నెట్టి, అటక మీది ఇత్తడి గంగాళాన్ని దింపింది.

"ఊర్లె మా నాయిన బాత్రూం అచ్చం గిట్లనే ఉంటుండె. సిగ్గయితుందని నేనే కూలగొట్టిచ్చిన" అని సతీష్ నెత్తి కొట్టుకున్నాడు.

ముసలామె ఆ గోడలు చూడలేదు. ముగ్గులూ చూడలేదు. తిన్నగా మూలనున్న బేసిన్ దగ్గరికి వెళ్ళింది.

అసలు సొగసంతా అక్కడే ఉంది. అది నల్లరాతి రోలు. దాన్ని దిమ్మె మీద కూర్చోబెట్టి, అడుగున బొక్క పొడిపించి, పైపు బిగించారు.

ముసలామె రోలు అంచును నిమిరింది. చెయ్యి మెల్లగా లోపలికి దించింది. వేలు అడుగున బొక్కకు తగిలి ఆగిపోయింది.

"బొక్క ఏసిన్రా బిడ్డా?"

"ఏయకుంటె నీళ్ళెట్ల పోతయవ్వా? మిషిన్ పెట్టి ఏయించినం. ఒక్క పెచ్చు గూడ లేవలే!"

ముసలామె వేలితో ఆ బొక్క అంచు చుట్టూ తడిమింది.

"అంత మంచిగనే కుదిరింది గని, గీ పసుపు మరకే పోతలేదు. ఎంత తోమినా గంతే."

"అది పోదు బిడ్డా."

అని, కొంగుతో ముఖం తుడుచుకుని అడిగింది.

"పిల్లలెందరు?"

"ఇద్దరాడపిల్లలు. పొద్దుగాల లేస్తే దీంట్ల మొకం కడుగుడుకు నేను ముందంటె నేను ముందని కొట్లాట."

"కడగనియ్యి తల్లీ. మంచిగ కడగనియ్యి."

"చాయ్ పెడ్త, తాగిపో."

"వద్దు బిడ్డా, ఆటో నిలవడ్డది."

వనిత గేటు దాకా వచ్చి చూసింది. వీధి చివర నిలబడ్డ ట్రాలీ ఆటో ముసలామెను ఎక్కించుకుని, వెనక డబ్బా ఖాళీగానే ఊగించుకుంటూ వెళ్ళిపోయింది.

అదేం విడ్డూరం? బాత్రూం చూడటానికి ఎవరైనా తాడు పట్టుకుని, ట్రాలీ ఆటో మాట్లాడుకుని వస్తారా?

సాయంత్రం సతీష్ విని తేల్చేశాడు.

"పాత సామాను కొనేటోళ్ళ మనిషయి ఉంటది. ఇసొంటి రోళ్ళకు హైదరాబాద్‌ల మస్తు గిరాకి. గేటుకు తాళమెయ్యి."

"మరి పసుపు పోదని ఆమెకెట్ల ఎరుక?"

"నాకేం ఎరుక? ఆమెనే అడగకపోయినవ్!"

వనిత తాళమైతే వేసింది గానీ, ముసలామె మాత్రం మనసులోంచి కదల్లేదు. ఇంకో ఆశ కూడా దానికి తోడైంది.

"రోలున్న కాడ రోకలి గూడ ఉంటది గద! గోడకు అడ్డం బిగిస్తే తువ్వాలలు ఏస్కోవచ్చు. ఇంకొక్కసారి మోతె పోయొద్దాం."

రోలు దొరికింది మోతెలోనే. చుట్టాల ఇంట్లో ఫంక్షన్‌కు వెళ్ళినప్పుడు, తాళం వేసిన చిన్న ఇంటి ముందు ఎండుటాకుల్లో కనిపించింది. "అడగకుంట ఎట్ల తీస్కపోతమే?" అని సతీష్ అప్పుడే గొణిగాడు. "ఎవర్ని అడగాలె, తాళాన్నా?" అని వనిత అక్కడికక్కడే ట్రాలీ ఆటో మాట్లాడింది.

ఈసారీ ఆ ఇంటికి తాళమే ఉంది. పక్కింటామె అరుగు మీద బియ్యం చెరుగుతోంది.

"అమ్మా, ఈ ఇల్లెవలది?" అని వనిత అడిగింది.

"ఉప్పలమ్మది. బిడ్డ కాన్పుకని ఇన్ని దినాలు కోదాడల ఉండె. మొన్న వచ్చింది, మళ్ళ పోయింది."

"ఏడికి?"

"మిర్యాలగూడకు, రైస్ మిల్లుల కూలికి. సుట్టుపక్కల ఏ ఇంట్ల పెండ్లయినా పసుపు దంచేది ఆమెనే. దాంతోనే బతికింది. ఇగ గీ వయసుల ఆ మిల్లు దుమ్ము మింగవట్టె, పాపం."

వనితకు సంగతి తెలిసిపోయింది, అయినా అడిగింది.

"దంచుడు ఎందుకు బంజేసింది?"

"రోలు లేదు గద! కొత్తది కొనుడు ఆమెతోని అయితదా? ఎవడో ఎత్తుకపోయిండు, పంచాయితి పెడ్దామంటె, ఉల్టా మమ్మల్నే తిట్టింది."

సతీష్ తల దించుకున్నాడు. వనితకు సిగ్గుతో చచ్చినంత పనయింది. ఇప్పుడే మిల్లుకు వెళ్ళి ఆమె కాళ్ళు పట్టుకోవాలనిపించింది. పట్టుకుంటే మాత్రం బొక్క పూడుతుందా?

పక్కింటామె చాట పక్కన పెట్టి ఇద్దరినీ ఎగాదిగా చూసింది.

"సూర్యాపేట నుంచి వచ్చిండ్రా? నీకు ఇద్దరాడపిల్లలా?"

వనిత అవునన్నట్టు తలూపింది.

ఆమె లేచి లోపలికి వెళ్ళి, అరిగి నున్నబడిన రోకలి తెచ్చి వనిత చేతిలో పెట్టింది.

"'రోలు ఎవ్వలు ఎత్తుకపోలే, ఆ పిల్లకు నేనే ఇచ్చిన, రోకలి ఇచ్చుడు మర్సిన, వస్తే నువ్వియ్యి' అని జెప్పి పోయిందమ్మా ఉప్పలమ్మ."