ఎర్రసముద్రం దగ్గర ఆగిన మైకు

“పోలీసులకు ఫోన్ కొట్టిన. జీపొస్తాంది. అప్పటిదాంక వీణ్ని ఇడువకుండ్రి!”

గుడి పెద్ద మర్రెడ్డి, దేవ్‌సింగ్ కాలరు పట్టుకుని పీఠం వెనక గదిలో గోడకు ఆనించాడు. బయట లూర్దుమాత పండుగ పూజకు వచ్చిన రెండు వందల మంది. లోపల మూగబోయిన యాంప్లిఫయర్. దాని యజమాని దేవ్‌సింగ్.

ఫాదర్ బాలశౌరి ప్రసంగం మొదలుపెట్టి అప్పటికి యాభై నిమిషాలు. పోయినేడు ఇదే పండుగకు ఆయన రెండు గంటలు మాట్లాడితే ముగ్గురు ముసలమ్మలు సొమ్మసిల్లారు. ఈ ఏడు మోషే జనాన్ని ఐగుప్తు నుంచి తీసుకొచ్చి సరిగ్గా ఎర్రసముద్రం నడుమ నిలబెట్టాడు. మైకు ఠక్కున ఆగింది. జనం అక్కడే ఉండిపోయారు.

ఆ సమయంలో దేవ్‌సింగ్ బయట స్తంభమెక్కి హారన్ సరిచేస్తున్నాడు. దిగి వచ్చి చూస్తే యాంప్లిఫయర్ వెనక ఫ్యూజు లేదు. దాని మూతా లేదు. రాగి తీగ చుట్టి నడిపిద్దామన్నా వీల్లేకుండా తీశారు. కొత్తది కావాలంటే మరిపెడ పోయి రావాలి. అంతలో పూజే కాదు, బిర్యానీ కూడా అయిపోతుంది.

“నా సెట్టు నేనే చెడగొట్టుకుంటనా బాపూ?”

“సాయంత్రం బయ్యారంల పెండ్లికి గూడ ఇదే సెట్టు ఒప్పుకున్నవట గదా! జల్ది మూటగట్టుకోని పోదామనుకున్నవ్. మానుకోట దాంక ఏ గుడిల గూడ నీ డబ్బాలు పెట్టనియ్య.”

పెళ్లి సంగతి నిజమే. ఈ చుట్టుపక్కల గుళ్ల పండుగలే దేవ్‌సింగ్ ఇంటి అన్నం.

“చెయ్యి తియ్యి, పెద్దబాపూ.”

గుమ్మంలో జపమాల. లెఫ్టినెంట్ కమాండర్ తుమ్మ జపమాల. విశాఖలో యుద్ధనౌక మీద ఉద్యోగం, ఇప్పుడు సెలవు. ఫొటోల కోసం తల్లి చిలుకమ్మ పట్టుబడితే తెల్ల యూనిఫాం వేసుకొచ్చింది. నడిసముద్రంలో కూడా శుక్రవారం మాంసం ముట్టదని, తుఫానులో కూడా జపం తప్పదని ఊళ్లో చెప్పుకుంటారు. భక్తిలో ఆమె తర్వాతే ఫాదర్ అని కొందరి అభిప్రాయం.

మర్రెడ్డి చెయ్యి దానంతట అదే జారింది.

ఆమె యాంప్లిఫయర్ మీదికి వంగింది. “సెట్టు తప్పు కాదిది. చేత్తోని తీసిందే. కని దేవ్‌సింగ్ తియ్యలే.”

“నీకెట్ల తెలుసు?”

“తెలుసు. నేను పూచీ.”

ఆపైన విచారణ మొదలైంది. ప్రసంగం నడుస్తుండగా ఈ గదిలోకి వచ్చినట్టు ముగ్గురు ఒప్పుకున్నారు. సాంబ్రాణికి ఫాదర్‌కు సాయంగా ఉండే ఉపదేశి ఇన్నయ్య, పూలకు సిస్టర్ విమల, మంచినీళ్లకు మర్రెడ్డి. ముగ్గురినీ ఓడ మీద నావికుల్ని నిలబెట్టినట్టు వరసగా నిలబెట్టింది.

“ఇన్నయ్య మామా, నువ్వు తీసినవా?”

“మరియతల్లి మీద ఒట్టు, బిడ్డా. పోయినేడైతే తియ్యాలె అనుకున్న గని, ధైర్యం చాలలే.”

“సిస్టర్?”

“ఫ్యూజంటే ఏందో గూడ నాకు తెల్వదమ్మా. ఆగంగనే దేవునికి ఒక దండం మాత్రం పెట్టిన.”

“పెద్దబాపూ?”

“నన్నడుగుతవా? నీళ్లు తాగొచ్చి కూసున్నంక నాకు మంచిగ నిద్ర…” మర్రెడ్డి నాలిక కరుచుకున్నాడు.

అప్పుడే ఫాదర్ లోపలికి వచ్చాడు. చెమట, అవమానం, సగంలో ఆగిన మోషే. అన్నీ ముఖంలో కనిపిస్తున్నాయి. “పూజ ఆగొద్దు. అందరు నడువుండ్రి,” అని, దేవ్‌సింగ్‌ను ఒక్కణ్నే ఆపి చెవి దగ్గరికి వంగాడు.

“మావోళ్లు అబద్ధాలాడుతరు, ఒట్లు పెడుతరు. కని తప్పు మనసుల పెట్టుకోని, నా దగ్గర ఒప్పుకోకుంట పూజల నేనిచ్చె సత్ప్రసాదం మాత్రం నోట్లె పెట్టుకోరు. నరకమంటే భయం. మూడొద్దుల సంది ఊరంత వచ్చి పాపాలు ఒప్పుకున్నది, ఇయ్యాల సత్ప్రసాదానికి పెద్దోళ్లు రానోళ్లుండరు. నా పక్కపొంటి నిలబడి చూడు. ఎవరు రాకపోతె వాళ్లే దొంగ. పేరు చెప్పు, నిన్ను నేను ఇడిపిస్త.”

సత్ప్రసాదం వేళ దేవ్‌సింగ్ రెప్ప వెయ్యలేదు.

“రెండు లైన్లు! తోసుకోవద్దు! అవ్వలు ముందుకు రావాలె!” జపమాల అదిలిస్తుంటే జనం కవాతులా కదిలారు. ఇన్నయ్య తీసుకున్నాడు. సిస్టర్ విమల తీసుకుంది. మర్రెడ్డి కళ్లు మూసుకుని మరీ తీసుకున్నాడు.

లైను అయిపోయింది. మిగిలింది ఇంకా మొదటి సత్ప్రసాదం అందుకోని చిన్నపిల్లలు. పెద్దవాళ్లలో ఒక్కరు.

ఆ ఒక్కరిని చూడగానే దేవ్‌సింగ్ చూపు తిప్పుకున్నాడు.

పూజ అయ్యాక మళ్లీ అదే గది. బయట జీపు ఆగిన చప్పుడు. మర్రెడ్డి చెయ్యి మళ్లీ కాలరు మీదికొచ్చింది. మిగతా వాళ్లంతా గుమ్మం దగ్గర గుమిగూడారు.

“చెప్పు దేవ్‌సింగ్,” అన్నాడు ఫాదర్. “సత్ప్రసాదం తీసుకోంది ఎవరు?”

ఒక్క పేరు. చెబితే కాలరు వదులుతారు, జీపు వెనక్కి పోతుంది, పండుగలు మిగులుతాయి. దేవ్‌సింగ్ నేల చూశాడు, గోడ చూశాడు. మనుషుల్ని మాత్రం చూడలేదు.

“అందరు తీసుకున్నరు ఫాదర్. పిల్లలు తప్ప ఒక్కరు గూడ మిగల్లే.”

“అయితె నువ్వే,” ఫాదర్ నిట్టూర్చాడు.

“నేను ముందే చెప్పలే?” మర్రెడ్డి అతన్ని తలుపువైపు ఈడ్చాడు.

“గుళ్లె నిలబడి అబద్ధమాడుతవా, తమ్మీ?” గుమ్మానికి అడ్డంగా నిటారుగా నిలబడి అంది జపమాల. “ఫ్యూజు తీసింది లెఫ్టినెంట్ కమాండర్ తుమ్మ జపమాల అని చెప్పు.”