చెడగొట్టే చెయ్యి

“గ్లౌజు తీసేసి వేలు ముంచు,” అంది వదిన.

అతను గాజుగొట్టం వైపు చూశాడు. అందులో ఆమె ఎంజైమ్ అల్లిన కృత్రిమ జన్యుపోగు ఉంది. రాబోయే కొత్త మందు అదే. మామూలు జన్యుపోగునైతే మన చర్మం మీది ఎంజైములే కొరికి పారేస్తాయి; ఇది తట్టుకుంటుందో లేదో ఇవాళ తేలాలి. మూడు నెలల క్రితం తయారైన పోగులన్నీ ముక్కలైతే, ఉత్త చేత్తో ముట్టుకున్నాడని ఆమే అతన్ని ల్యాబ్ నుంచి పంపించేసింది. ముట్టుకోలేదని అతను వారం రోజులు మొత్తుకున్నాడు. తర్వాత ముట్టుకున్నానేమో అనుకోవడం మొదలుపెట్టాడు.

“చెడగొట్టడానికి నా చెయ్యే కావలసి వచ్చిందా వదినా?”

“నీ చేతిని తట్టుకుంటే ఎవరి చేతినైనా తట్టుకుంటుంది. ఊఁ, ముంచు.”

ముంచాడు. కోపం కూడా రాలేదు.

గంట తర్వాత తెర మీద ఒకే ఒక్క గీత కనిపించింది. పోగు ఎక్కడా తెగలేదు.

“నిలబడింది,” అంది వదిన నవ్వుతూ.

“అప్పటిదీ ఈ పోగేనా?”

“ఇదే. వేగం కోసం ఎంజైమ్ ఒక్కటే మార్చాను.”

“అయితే నేను ముట్టుకున్నా తెగేది కాదు.”

ఆమె నవ్వు ఆగిపోయింది. “పాత ఎంజైమే ముడులు సరిగా వెయ్యలేదు, అందుకే తెగింది,” అంది. “తప్పు నాదేనని డైరెక్టర్ గారికి రాసిస్తాను. రేపట్నుంచి పనిలోకి రా.”

సంతోషం వస్తుందేమోనని అతను కాసేపు ఎదురుచూశాడు. రాలేదు.

“ముందు అన్నయ్యకు చెప్పండి,” అన్నాడు. “అప్పట్నుంచి నా ఫోను ఎత్తడం మానేశాడు.”