కొత్త ఎరుపు

"ఆ మూడో విగ్రహం మెడలో గుడ్డ కాసేపు విప్పు," అన్నాడు షిగెమత్సు భార్య కినుయేతో, కెమెరాలోంచి కన్ను తియ్యకుండా. "మిగతావన్నీ వెలిసిపోయాయి. ఆ ఒక్క ఎరుపే నాచు పచ్చదనాన్ని చెడగొడుతోంది."

పాత గుడితోటలో వరసగా బిడ్డల్ని కాచే జిజో దేవుడి రాతి విగ్రహాలు. కడుపులోనే పోయిన బిడ్డల కోసం తల్లులు వాటికి ఎర్రగుడ్డలు కడతారు.

కినుయే కదల్లేదు.

"మళ్లీ కట్టేద్దాంలే. ఆ తల్లికేం తెలుస్తుంది?"

"తెలుస్తుంది. ఏటా పాతది విప్పి కొత్తది కట్టేది నేనే."

షిగెమత్సు తలెత్తాడు. "ఎప్పుడు?"

"మీరు కొంగల ఫొటోలకని హొక్కయిడో వెళ్లిన చలికాలం. నాకప్పుడు మూడో నెల. పోయిందని చెప్పడానికి ఫోన్ చేస్తే, 'వెలుతురు పోతోంది, పెట్టెయ్' అన్నారు."

అతను మళ్లీ కెమెరా మీదికి వంగాడు. ఈసారి మూడో విగ్రహాన్ని సరిగ్గా నడిమధ్యకు తెచ్చుకున్నాడు.

కినుయే వచ్చి లెన్స్‌కు అరచెయ్యి అడ్డం పెట్టింది.